కస్తూర్బాను ‘బాపూ భార్య’గానే చూడాలా?

సంపాదకునికి,

కస్తూర్బా గాంధీ ప్రస్తావన వస్తే చాలు, ‘భర్త అడుగుజాడల్లో నడిచిన సాధ్వి’ అని ఒక్క వాక్యంతో సరిపెట్టేస్తాం. ఈ మాట నాకు మింగుడుపడదు. క్రైస్తవేతర వివాహాలు చెల్లవన్న తీర్పును ధిక్కరించి, 1913లో దక్షిణాఫ్రికాలో మూడు నెలల కఠిన కారాగార శిక్ష అనుభవించిన స్త్రీ ఆమె.

1917లో బిహార్‌లోని చంపారన్ వెళ్లి పల్లె స్త్రీలకు శుభ్రత గురించి చెప్పారు. భితిహర్వా ప్రాంతంలో ఒక స్త్రీ ఆమెను తన గుడిసెలోకి తీసుకెళ్లి, తనకున్నది ఒంటిమీది చీర ఒక్కటేనని, దాన్ని ఎలా ఉతుక్కోవాలని అడిగిందట. ఆ ప్రశ్నకు ఏ ఉపన్యాసం సమాధానం చెబుతుంది?

1944 ఫిబ్రవరి 22న పుణేలోని ఆగాఖాన్ ప్యాలెస్‌లో, నిర్బంధంలోనే కన్నుమూశారు. ఆమె పేరిట సేకరించిన నిధి గ్రామీణ స్త్రీలు, పిల్లల సేవకు ట్రస్టుగా మారింది. చదువుకు పెద్దగా నోచుకోని ఆమె పేరే 2004లో మొదలైన బాలికల ఆశ్రమ విద్యాలయాలకూ పెట్టారు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అవి ఉన్నాయి. ఆమె పేరున్న ఆ బడి బోర్డు కింద నిత్యం నడిచే అమ్మాయిలకు చంపారన్ చీర కథ ఎవరైనా చెబుతున్నారా?

— ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, గుంటూరు