ఏటి నిధి: 2024–25 జమా ఖర్చుల వివరణ

గ్రామస్థులకు కమిటీ మనవి.

మన కుళాయిల్లోకి వచ్చేది స్వర్ణముఖి ఇసుకలో దించిన ఊటబావి నీరే కనుక, ఏట్లో ఇసుక పలచబడి, గట్ల పొడవునా సర్కారు తుమ్మ కమ్ముకుంటే ముందు ఎండేది మన బిందెలేనన్న ఆలోచనతో, నెలనెలా కుళాయి రుసుముతో పాటు ఇంటికి 20 రూపాయలు ఏటి బాగుకు తీయాలని గ్రామసభలో తీర్మానించుకున్నాం. ఇసుక తవ్వకాలను అదుపు చేయడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది. అది అధికారుల పని. ఈ నిధి గట్ల పనికే పరిమితం.

ఊళ్లోని 228 కుళాయిల్లో ఒంటరి వృద్ధులవి 16 మినహాయించగా, తక్కిన 212 ఇళ్ల నుంచి ఏడాదికి 50,880 రూపాయలు రావలసి ఉంది. వచ్చినవి 41,360. బకాయి 9,520 రూపాయల్లో 9,120 పైవీధిలోని 38 ఇళ్లవి. ఎండాకాలంలో తమ కుళాయిలకు నీళ్లెక్కనప్పుడు ఏటికి డబ్బెందుకు కట్టాలని వారు అడుగుతున్నారు. ఆ మాటలో న్యాయముంది. అందుకే వారిని ఒత్తిడి చేయలేదు. అయితే ఈ డబ్బుతో పైపులు మార్చడానికి తీర్మానం ఒప్పుకోదు. నిరుటి నిల్వ 3,215, విరాళాలు 6,500 కలిపితే మొత్తం జమ 51,075 రూపాయలు.

తుమ్మ మొద్దులు వేళ్లతో సహా పెకలించడానికి జేసీబీకి గంటకు 1,200 చొప్పున 14 గంటలకు 16,800 రూపాయలయింది. బిల్లు వచ్చింది 16 గంటలకు. అందులో 2 గంటలు బండి కమిటీ సభ్యుడొకరి పొలం గట్టు మీద పనిచేసినట్టు ఊరివారే చెప్పగా, విచారించి ఆ 2,400 ఆయన చేతనే కట్టించాం. ముందే కనిపెట్టకపోవడం మా పొరపాటు. కూలీలు 24 మందికి 9,600, చెత్త ఎత్తిన ట్రాక్టరుకు 4,200, రసీదు పుస్తకాలకు 850 ఖర్చయ్యాయి.

ఏరుమద్ది, కానుగ, నేరేడు మొక్కలు 180కి 2,700 అయింది. కొట్టిన తుమ్మకంపనే చుట్టూ నాటడంతో కంచె ఖర్చు తప్పింది గానీ, కంప జరిగిన చోటల్లా మేకలు దూరాయి. 117 మొక్కలు బతికాయి. వాటికి మే నెలలో 11 ట్యాంకర్ల నీళ్లు పోయించడానికి 6,600 అయింది. మొక్కల ధర కంటే నీళ్ల ధరే ఎక్కువైనందున, ఇకపై తొలకరికి ముందు నాటబోము.

మొత్తం ఖర్చు 40,750 రూపాయలు. నిల్వ 10,325లో బ్యాంకులో 9,800, చేతిలో 525 ఉన్నాయి.

ఊటబావిలో కొలతతాడు నిరుటి కంటే రెండు ముడులు ముందే తడుస్తోంది. వానలు బాగా పడిన ఏడాది కాబట్టి దాన్ని మా పని ఫలితంగా చూపడం లేదు.

ఓచర్లు, రసీదు పుస్తకాలు ఆదివారం ఉదయం రచ్చబండ దగ్గర ఉంటాయి. తమ రసీదులు వెంట తెచ్చుకుంటే సరిచూడడం సులువు.