ఆ ఫలకం ముందు ఒక్కసారి ఆగుదాం

సంపాదకుడు గారికి,

అట్లాంటాకు ఉత్తరాన ఉన్న మా ఫోర్సైత్ కౌంటీలో తెలుగువాళ్ళు బాగా ఎక్కువ. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే గుడికీ, లేక్ లేనియర్‌కీ తీసుకెళ్తాం. ఆ సరస్సులో దెయ్యాలున్నాయన్న కథలు పిల్లలకు కూడా నోటికొచ్చు. కమ్మింగ్ ఊరి నడిబొడ్డున 2021లో పెట్టిన ఫలకం ముందు మాత్రం మనం ఆగం. నేనూ చాలాకాలం ఆగలేదు.

ఈమధ్య అమ్మను తీసుకెళ్ళాను. అక్కడ రాసింది చదివి, నాకు తెలిసింది కలిపి తెలుగులో చెప్పాను. 1912 సెప్టెంబరులో ఒక తెల్లజాతి అమ్మాయిపై దాడి జరిగింది. అనుమానం మీద పట్టుకున్న రాబ్ ఎడ్వర్డ్స్ అనే నల్లజాతి యువకుణ్ణి, విచారణైనా లేకుండా, గుంపు జైల్లోంచి ఈడ్చుకొచ్చి చంపి స్తంభానికి వేలాడదీసింది. తర్వాత అదే కేసులో ఇద్దరు నల్లజాతి కుర్రాళ్ళను ఉరితీశారు. రాత్రిళ్ళు గుంపులు తిరిగి చర్చిలు తగలబెట్టాయి. సుమారు 1,100 మంది నల్లజాతి వాళ్ళను కౌంటీ నుంచే తరిమేశారు.

అమ్మ అంతా విని, "మరి వాళ్ళ పొలాలేమయ్యాయే?" అంది. రైతు ఇంటి మనిషి. కొందరు అయినకాడికి అమ్ముకున్నారు, కొందరు కట్టుబట్టలతో పోయారు, ఆ భూములు పక్కవాళ్ళవైపోయాయి అన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు. ఫలకం స్తంభం మీది దుమ్ము కొంగుతో తుడిచింది.

ఆ తర్వాత దాదాపు 75 ఏళ్ళు నల్లజాతి వాళ్ళను ఇక్కడ బతకనివ్వలేదు. 1987 జనవరి 17న శాంతియాత్రకు వచ్చినవాళ్ళ మీద రాళ్ళు రువ్వారు. సరిగ్గా వారానికి, పౌరహక్కుల నాయకుడు హోసియా విలియమ్స్ వంటి వాళ్ళ వెంట సుమారు 20,000 మంది ఇదే ఊళ్ళో నడిచారు. మంచి స్కూళ్ళు, సేఫ్ ఏరియా అని వాకబు చేసి ఇక్కడ ఇళ్ళు కొనుక్కున్న మనం వాళ్ళకు ఋణపడి ఉన్నాం.

తెలుగు సంఘాల పెద్దలకు నా విన్నపం ఒకటే. సంక్రాంతికీ బతుకమ్మకూ వందల మందిని పోగుచేస్తారు కదా, ఏడాదికోసారి పిల్లల్ని ఆ ఫలకం దగ్గరకు తీసుకెళ్ళండి. తరిమేసిన కుటుంబాల వారసుల కాలేజీ చదువుకు ఇక్కడి పాస్టర్లు స్కాలర్‌షిప్ పెట్టారు. వేడుకల ఖర్చులోంచి దానికి కొంత తీసిపెట్టండి. తగలబడిన చర్చిల చోట కూడా ఫలకాలు ఉండాలని కౌంటీ కమిషనర్లను మనమే అడుగుదాం. ఇక్కడ ఓటున్న తెలుగువాళ్ళం తక్కువేం కాదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కమ్మింగ్, జార్జియా