మన సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాదంతా గుర్రమే

సభ్యులందరికీ నమస్కారం. కిందటి సర్వసభ్య సమావేశంలో అనుకున్నట్టే చిన్న బొమ్మలు చేసి రంగులు వేసే మన అనంతపురం సంఘం పనంతా ఈ ఏడాది బొమ్మ గుర్రం చుట్టూనే తిరిగింది. రౌతు కోటు గుండీలు ఎంత నీటుగా ఉన్నా కింద గుర్రం కొయ్యగుర్రంలా ఉంటే బొమ్మ తేలిపోతుంది, అందుకే గుర్రం పూర్తయ్యాకే రౌతుకి రంగు అని నియమం పెట్టుకున్నాం.

అందరం కలిసి ఎంచుకున్న బొమ్మ థామస్ మన్రో, 54 మిల్లీమీటర్లది, అంటే దాదాపు 1/32 స్కేలు, అసలు మనిషి సైజులో ముప్పై రెండో వంతు. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల కలెక్టరుగా మన ఊళ్లోనే ఉండి, 1827లో పత్తికొండలో కలరాతో పోయిన మనిషి, మనకి కొత్తవాడేం కాదు. చెన్నైలో ఐలాండ్ దగ్గరున్న ఆయన కంచు విగ్రహాన్ని చూడ్డానికి కొందరం కలిసి వెళ్లొచ్చాం. శిల్పి చాంట్రీ చేసిన ఆ విగ్రహంలో గుర్రానికి జీను లేదు, రికాబులూ లేవు. దీనిమీద మనలో గట్టి వాదనే నడిచింది. విగ్రహంలో ఉన్నట్టే చేద్దామని కొందరు, ఊరూరా తిరిగి శిస్తులు తేల్చిన మనిషి జీను లేకుండా అంత దూరాలు ఎలా పోతాడని కొందరు. నా మట్టుకు రెండో మాటే న్యాయం. చివరికి జీనుతోనే చేశాం.

వర్క్‌షాపుల్లో ఎక్కువ టైము కాళ్లకే పట్టింది. 1878లో ఫొటోగ్రాఫర్ మైబ్రిడ్జ్ పరుగెత్తే గుర్రాన్ని వరసగా ఫొటోలు తీసేదాకా, దౌడు తీసే గుర్రం ముందుకాళ్లు ముందుకీ వెనకకాళ్లు వెనక్కీ చాచి గాల్లో తేలుతుందనే చిత్రకారులు గీసేవాళ్లు, నిజానికి నాలుగు కాళ్లూ నేల వదిలేది అవి పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు. పాత పెయింటింగులు చూసి బొమ్మ చేసేవాళ్లు ఇది తప్పక చూసుకోండి. రెండు కాళ్ల మీదే నిలబడే రెజిన్ (అచ్చులో పోసే ప్లాస్టిక్ లాంటిది) గుర్రమైతే డెక్కలోంచి పైకి సన్నని రంధ్రం చేసి స్టీలు తీగ దించండి, లేకపోతే మన ఎండాకాలంలో ఆ బరువుకి కాళ్లు మెల్లగా వంగుతాయి. వంగినవాటిని వేడినీళ్లలో ముంచి సరిచేసి వెంటనే చన్నీళ్లలో పెడితే నిలుస్తాయి.

పగ్గాలకి దారం వద్దు, దాని నూగు ఈ స్కేల్లో కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఖాళీ ఆయింట్‌మెంట్ అల్యూమినియం ట్యూబు కోసి సన్నని పట్టీలు తీస్తే కళ్లెం నుంచి చేతిదాకా నిజం తోలులాగే వాలుతాయి. ఒంటిరంగుకి ఆక్రిలిక్ మీద ఆయిల్ కలర్ వేశాం, మెల్లగా ఆరుతుంది కాబట్టి నీడలు కలుపుకోవడానికి తీరిక దొరుకుతుంది. ఆక్రిలిక్ మాత్రం ఇక్కడి వేడికి పాలెట్ మీదే గట్టిపడుతుంది, తడి స్పాంజి మీద బటర్ పేపర్ పరిచి వాడితే ఆ టెన్షన్ లేదు.

హాలు దొరక్క ఎగ్జిబిషన్ జరగలేదు. జమాఖర్చుల కాగితం సమావేశంలో ఇస్తాం.

వచ్చే ఏడాదికి గుత్తి మురారి రావు మరాఠా రౌతులు చేద్దామని కమిటీ ఆలోచన. 1776లో హైదర్ అలీ చేతికి పోయేదాకా ఆయన ఏలిన కోట మనకి ఇంత దగ్గర్లో ఉంది, చలికాలంలో ఒకసారి అందరం ఎక్కొద్దాం, వచ్చేవాళ్లు కార్యదర్శికి పేర్లివ్వండి.