బతికున్న మా నాన్నమ్మను చంపిన సలహా సంస్థకు ఫిర్యాదు లేఖ

బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా
2025 ఫిబ్రవరి 10

శాఖా మేనేజర్ గారికి,
విదేశీ విద్యా సలహా సంస్థ, విశాఖపట్నం

విషయం: బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య, వైద్య సమాచారానికి గణాంకశాస్త్రం) పీజీ దరఖాస్తుల్లో నా పేరున రాసిన అబద్ధాలు, సేవాలోపం, రుసుము వాపసు గురించి

అయ్యా,

మా నాన్నమ్మ బతికే ఉంది. నేను ఈ ఉత్తరం రాస్తుంటే మగ్గం పక్కన కూర్చుని కండెలు చుడుతోంది. ఆవిడ 2019లో పోయిందనీ, ఆ దుఃఖం మీద నాకు డెంగీ కూడా వచ్చిందనీ, అందుకే ప్లస్ త్రీ (డిగ్రీ) మొదటి ఏడాది మార్కులు పడిపోయాయనీ మీవాళ్ళు నా స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో, అంటే ఆ చదువు ఎందుకు కావాలో యూనివర్సిటీకి చెప్పుకునే వ్యాసంలో, రాశారు. కింద నా పేరు పెట్టి, నాకు చూపించకుండా పంపేశారు.

గత జులై 18న మీ ఆఫీసుకి రైల్లో వచ్చి, మీ కౌన్సెలర్ గారి ముందు మార్కుల జాబితాలన్నీ పరిచాను. పదికి మొదటి సెమిస్టర్ 5.1, రెండోది 4.8, కాల్‌క్యులస్ పేపరు తప్పి బ్యాక్. కారణం కూడా ఆ రోజే చెప్పాను. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, కాలేజీలో ఒక్కసారిగా ఇంగ్లీషు. పెళ్ళిళ్ళ రోజుల్లో పట్టుచీరల ఆర్డర్లు పడితే నాన్నకి తోడు నేనూ మగ్గం ఎక్కాలి. ఇదంతా సగం కారణమే. మిగతా సగం, నేను చదవలేదు. కాల్‌క్యులస్‌లోని ఎప్సిలాన్, డెల్టా బుర్రకెక్కకపోతే అడగడానికి సిగ్గుపడి వెనక బెంచీలో కూర్చున్నాను. తర్వాత సిగ్గు విడిచి సీనియర్ అక్క దగ్గర కూర్చుని నేర్చుకున్నాను, బ్యాక్ పేపరు రాసి ఏ గ్రేడు తెచ్చుకున్నాను. ఆరో సెమిస్టర్‌కి 8.6కి వచ్చాను. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌లో 8.9.

మొదటి ఏడాదిని దాచిపెట్టమని నేనెప్పుడూ అడగలేదు. దాన్నెలా చెప్పాలో తెలియకే మీకు 65,000 రూపాయలు కట్టాను. "ఏమ్మా, అదంతా మాకు వదిలెయ్యి, నీకెందుకు" అన్నారు మీ కౌన్సెలర్ గారు. వదిలేశాను. అది నా తప్పే.

ఆ అబద్ధం ఎంత తెలివితక్కువదో కూడా చెప్పనివ్వండి. మార్కుల జాబితాలను మీరే నా చేత డబ్బు కట్టించి, విదేశీ మార్కులను అమెరికా లెక్కలోకి మార్చి చూపే డబ్ల్యూఈఎస్ సంస్థకి పంపించారు. వాళ్ళు ప్రతి కోర్సునూ, ప్రతి గ్రేడునూ విడివిడిగా చూపిస్తారు. నేను మంచం పట్టానని మీరు రాసిన సెమిస్టర్‌లోనే మిగతా పేపర్లన్నీ రాసి పాసైనట్టు అందులో కనిపిస్తుంది. బ్యాక్ మళ్ళీ రాసి ఏ గ్రేడు తెచ్చుకున్న సంగతి, అంటే నాకు పనికొచ్చే ఒకే ఒక్క ముక్క, మీ కథలో లేనే లేదు.

నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు సర్వైవల్ అనాలిసిస్ మీద, అంటే రోగులు ఎంతకాలం బతుకుతారో అంచనా కట్టే లెక్కల మీద. కాప్లాన్, మేయర్ 1958లో ఇచ్చిన పద్ధతి, కాక్స్ 1972లో ఇచ్చిన మోడల్. అందులో మొదటి పాఠమే సెన్సారింగ్. రోగి మధ్యలో అధ్యయనం నుంచి తప్పుకుంటే అంతవరకు బతికి ఉన్నట్టే లెక్క వెయ్యాలి తప్ప, చనిపోయినట్టు రాయకూడదు. ఈ ప్రాజెక్టుకి మీరిచ్చింది ఒక్క వాక్యం. దానికి పై పేరాలోనే మా నాన్నమ్మను పోగొట్టారు.

ఆ స్టేట్‌మెంటు మొదలుపెట్టిన తీరు ఇంకా ఘోరం. చిన్నప్పటి నుంచీ "నోబెల్ గ్రహీత సి.ఆర్. రావు" నాకు స్ఫూర్తి అట. స్టాటిస్టిక్స్‌కి నోబెల్ లేదండీ. ఆయనకి 2023లో వచ్చింది అంతర్జాతీయ గణాంక బహుమతి. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివి కలకత్తా వెళ్ళిన మనిషి. 1945లో ఆయన రాసిన పత్రంలోని క్రామర్-రావు హద్దుని, అంటే ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో చెప్పే సూత్రాన్ని, ప్రపంచమంతా పాఠంగా చెబుతారు. ఆ దరఖాస్తు చదివే ప్రొఫెసర్‌కి ఇది తెలియదనుకున్నారా? పైగా మీ దగ్గరే చేరిన నా స్నేహితురాలి స్టేట్‌మెంటు కూడా ఇదే వాక్యంతో మొదలైంది. తను చదివింది బోటనీ.

ఒప్పందంలో ఆరు యూనివర్సిటీలు, ఆరూ బయోస్టాటిస్టిక్స్. మీరు పంపినవాటిలో రెండే అవి. మూడు బయోటెక్నాలజీ, ఒకటి డేటా అనలిటిక్స్. అడిగితే "పేరులో బయో ఉంది కదమ్మా" అన్నారు. అమెరికాలో ఈ విభాగాలు చాలావరకు పబ్లిక్ హెల్త్ స్కూళ్ళలో ఉంటాయి. వాళ్ళు చూసేది మల్టీవేరియబుల్ కాల్‌క్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ. నా ప్లస్ టూ బయాలజీ మార్కులు ఎవరికీ అక్కర్లేదు, కానీ మీరు వాటినే బోల్డు అక్షరాల్లో పెట్టారు. జీఆర్‌ఈ ప్రవేశ పరీక్ష లెక్కల భాగం (క్వాంట్)లో 170కి నాకొచ్చిన 166 మాత్రం "ఆప్షనల్ కదా" అని పంపలేదు. మొదట్లో దెబ్బతిన్న పిల్లకి ఆ 166 కన్నా పెద్ద ఆసరా ఏముంది?

ఈ చదువు ఎందుకు కావాలనుకున్నానో కూడా మీ వాళ్ళకి చెప్పాను. మా మేనమామది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి దగ్గర, కొబ్బరి తోట. ఏడేళ్ళ క్రితం క్రియాటినిన్ పెరిగింది, ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్. ఊళ్ళోకి ఎప్పుడు ఎవరొచ్చి రక్తం, నీళ్ళు తీసుకెళ్ళినా ఆయన అడిగే ప్రశ్న ఒకటే: "మరి ఈ లెక్కలన్నీ ఎవరు కడతారే?" ఇచ్ఛాపురం దాటితే మా బరంపురం ఎంతో దూరం లేదు, ఆ ప్రశ్న నాతోనే వచ్చేసింది. మీ కౌన్సెలర్ గారు ఇది రాసుకోలేదు. "మరీ లోకల్" అన్నారు.

ఇక గడువు సంగతి. ఆ రెండు బయోస్టాటిస్టిక్స్ దరఖాస్తులూ సోఫాస్ (పబ్లిక్ హెల్త్ స్కూళ్ళ ఉమ్మడి దరఖాస్తు సేవ) ద్వారా వెళ్ళాలి. అక్కడ కాగితాలన్నీ చేరాక పరిశీలనకే వారాలు పడుతుంది. డిసెంబరు 1 గడువైతే మీరు నవంబరు 29న సబ్మిట్ నొక్కారు. ఒకటి అసంపూర్ణం అని ఆగిపోయింది. రెండోది వెళ్ళింది, కానీ మీ అబద్ధంతో వెళ్ళింది. ఆ యూనివర్సిటీకి జనవరిలో నేనే జరిగింది రాసి, దరఖాస్తు వెనక్కి తీసుకున్నాను. మర్యాదగా జవాబిచ్చారు, వచ్చే ఏడాది మళ్ళీ రాయమన్నారు. ఏడాది మాత్రం పోయింది.

మా మేడమ్ పేరున కొత్త జీమెయిల్ తెరిచి సిఫారసు లేఖ మీరే పెడతామన్న సంగతి ఇక్కడ వివరంగా రాయను. నేను ఒప్పుకోలేదు కాబట్టి అది జరగలేదు. ఆ వాట్సాప్ సందేశం మాత్రం దాచుకున్నాను.

నేను కోరేది ఇది. సేవా రుసుము 65,000 పూర్తిగా వాపసు ఇవ్వాలి. దరఖాస్తు ఫీజులు, డబ్ల్యూఈఎస్ పేరున తీసుకున్న 38,400లో రసీదులున్నది 21,000కే. మిగతా 17,400కి రసీదులైనా చూపాలి, డబ్బైనా ఇవ్వాలి. నా పేరున మీరు తెరిచిన ఈమెయిల్, దరఖాస్తు ఖాతాల పాస్‌వర్డులన్నీ ఈ వారంలోనే నా చేతికి రావాలి, ఎందుకంటే వాటి నుంచి ఇంకా ఎక్కడికి ఏం వెళ్తోందో నాకు తెలియదు. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. నా కథ గానీ, మార్కులు గానీ మీ ప్రకటనల్లో వాడొద్దు.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే గంజాం జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. ఒప్పందం చివర చిన్న అక్షరాల్లో విశాఖ పరిధి అని ఉంది, చూశాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే చోటే ఫిర్యాదు చేయొచ్చు. ఐదు లక్షల లోపు సేవకి దాఖలు రుసుము కూడా లేదు. కాబట్టి మళ్ళీ రైలు ఖర్చు కూడా పెట్టుకోను.

ఒప్పందం నకలు, రసీదులు, మీరు పంపిన స్టేట్‌మెంటు, వాట్సాప్ సందేశాలు జతచేశాను. వాటితో పాటు గత వారం మా నాన్నమ్మ బ్యాంకులో ఇచ్చిన లైఫ్ సర్టిఫికెట్ నకలు కూడా ఉంది.

ఇట్లు,
దరఖాస్తుదారు