వీధిలో నిలిపిన పాత కార్లకు రక్షణ కల్పించాలి

సంపాదకులకు నమస్కారం.

విజయనగరంలో కంటోన్మెంటు, కొత్తపేట, దాసన్నపేట వైపు పాత ఇళ్ల ముందు టార్పాలిన్ కప్పుకొని నిలిచిన అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లు ఇప్పటికీ అక్కడక్కడ కనిపిస్తుంటాయి. ఆ ఇళ్లు కట్టిన కాలంలో కారు షెడ్డుకు స్థలం వదలాలన్న ఆలోచన ఎవరికీ లేదు కనుక ఆ బండ్లు రాత్రింబవళ్లు వీధిలోనే ఉంటాయి. ద్విచక్ర వాహనాల చోరీల గురించి పత్రికల్లో తరచూ చదువుతున్నా, పాత కారు పోతుందన్న భయం మాత్రం మనవారికి లేదు. "ఈ డొక్కు బండిని ఎవరెత్తుకుపోతారు?" అన్న మాటే ఎక్కడైనా వినిపిస్తుంది. తండ్రిగారి నుంచి సంక్రమించిన పెట్రోల్ అంబాసిడర్‌ను వీధిలోనే నిలుపుకుంటున్న వాడిగా, ఆ ధీమాకు ఆధారం లేదని చెప్పదలచుకున్నాను. కొత్త కారుకు కాపలాను కంపెనీయే అమర్చి పంపుతుంది. పాత కారు కదలకుండా చూసుకోవడం యజమాని పని, కదిలినా అమ్ముడుపోకుండా చూడటం ప్రభుత్వ శాఖల పని.

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో 2014 మే నెలలో అంబాసిడర్ ఉత్పత్తి నిలిచిపోయింది. పద్మిని అంతకు చాలా ముందే ఆగిపోయింది. అప్పటి నుంచి క్రోమియం బంపర్లు, హెడ్‌లైటు రింగులు, ముందు గ్రిల్లు, తలుపు పిడులు వంటి అసలు సామాను దొరకడం గగనమైంది. పాత కార్లను బాగుచేయించుకునేవారు వాటికి అడిగినంతా ఇస్తున్నారు. అందుచేత నడిచే బండిగా అమ్మితే వచ్చేదానికన్నా విడదీసి అమ్మితే ఎక్కువ గిట్టే పరిస్థితి వచ్చింది. ఆ మాత్రం తెలియని దొంగకు కూడా దాదాపు టన్ను బరువున్న ఇనుము కళ్లెదుట కనిపిస్తూనే ఉంటుంది.

ఇక తాళాల సంగతి. ఇప్పటి కార్ల తాళం చెవిలో ఒక చిప్ ఉంటుంది, దానిని బండిలోని కంప్యూటర్ గుర్తుపడితే తప్ప ఇంజిన్ స్టార్ట్ కాదు. పాత కారులో గుర్తుపట్టే కంప్యూటరే లేదు. పాత మోడళ్లలో చాలావాటికి స్టీరింగ్ లాక్ కూడా ఉండదు. ముందు తలుపుల్లోని చిన్న త్రికోణపు అద్దాల కొక్కేలు అరిగి వదులైపోయి ఉంటాయి. మా మెకానిక్ ఒకసారి నా బండి ఇగ్నిషన్‌లో వేరే కారు తాళం చెవి పెట్టి తిప్పి చూపించి, "దీనికి తాళమేటి బాబూ, అరిగిపోనాది, ఏది పెట్టినా తిరిగేస్తాది" అన్నాడు. నలభై, యాభై ఏళ్లు వాడిన తాళాల్లో లోపలి రేకులు అరిగిపోవడం మామూలే. ఇగ్నిషన్ తాళం బ్యారెల్ మార్పించడం పెద్ద ఖర్చు కాకపోయినా, అసలుది పోతుందన్న మమకారంతో చాలామంది ఆ పని వాయిదా వేస్తుంటారు.

ఖర్చు లేని ఉపాయం మరొకటి ఉంది. పెట్రోల్ బండి బోనెట్ ఎత్తితే నాలుగు ప్లగ్గులకు నాలుగు వైర్లు, కాయిల్‌కు ఒక వైరు వెళ్లే డిస్ట్రిబ్యూటర్ కనిపిస్తుంది. రెండు పక్కలా ఉన్న స్ప్రింగు క్లిప్పులు వదులు చేసి మూత తీస్తే, లోపలి ఇరుసు మీద బొటనవేలంత రోటర్ ఉంటుంది. పైకి లాగితే అది చేతిలోకి వచ్చేస్తుంది. అది లేకపోతే కాయిల్ నుంచి వచ్చే కరెంటు ప్లగ్గులకు చేరదు. సెల్ఫ్ ఎంతసేపు కొట్టినా ఇంజిన్ అంటుకోదు. మళ్లీ పెట్టేటప్పుడు ఇరుసు గాడిలో సరిగా కూర్చోబెట్టాలి, అది ఒకే వైపుగా కూర్చుంటుంది కనుక పొరపాటుకు తావు లేదు. వారాల తరబడి బండి తీయనివారు రోటర్‌ను పొడిగుడ్డలో చుట్టి ఇంట్లో పెట్టుకోవడం మంచిది. అయితే డీజిల్ అంబాసిడర్‌కు ఈ ఉపాయం చెల్లదు, డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్గులూ డిస్ట్రిబ్యూటరూ ఉండవు. దానిని నలుగురు తోస్తే బ్యాటరీ లేకుండానే స్టార్ట్ కావచ్చు. అటువంటి బండికి డీజిల్ పైపులో చేతికి సులువుగా అందని చోట ఒక ట్యాప్ పెట్టించుకోవడమే మార్గం.

బ్యాటరీ నుంచి బండికి కరెంటు ఆపేసే కట్ఆఫ్ స్విచ్ గురించి ఒక హెచ్చరిక. ఈ మధ్య చాలామంది దానితోపాటు జీపీఎస్ ట్రాకర్ కూడా బిగించుకుంటున్నారు. కట్ఆఫ్ వేసి తాళం తీసుకుపోగానే ట్రాకర్‌కు కూడా కరెంటు ఆగిపోతుంది, అంటే ఒక కాపలావాడు వచ్చి రెండోవాడిని నిద్రపుచ్చినట్లే. ట్రాకర్ వైరును స్విచ్‌కు ముందే, ఫ్యూజు ద్వారా బ్యాటరీకి నేరుగా కలపాలి. లేదా సొంత బ్యాటరీ ఉన్న ట్రాకర్ తీసుకోవాలి. అరుదుగా తీసే బండిలో నేరుగా కలిపిన ట్రాకర్ బ్యాటరీని క్రమంగా దించేస్తుంది కనుక నాకైతే రెండోదే నయమనిపిస్తుంది. అందులోని సిమ్‌కు రీఛార్జి గడువు ఎప్పుడు తీరుతుందో గోడ మీది క్యాలెండరులో రాసుకోవాలని వేరే చెప్పాలా? బండి పోయిన రోజున ఆ సంగతి గుర్తొచ్చి ప్రయోజనం లేదు.

ఇవన్నీ ఇంజిన్ స్టార్ట్ చేయదలచిన దొంగను ఆపుతాయి తప్ప, తాడు కట్టి లాక్కుపోయేవాడిని, చిన్న క్రేనుతో ఎత్తుకుపోయేవాడిని ఆపలేవు. పట్టపగలు ఎవరైనా బండిని లాక్కుపోతుంటే మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్తున్నారని వీధివారు అనుకుంటారు, పాత కారు విషయంలో అసలు అనుమానమే రాదు. బండి ముందు భాగాన్ని గోడవైపు పెట్టి, గేరులో ఉంచి, చక్రాలు పక్కకు తిప్పి నిలిపితే లాగడం కష్టమవుతుంది. ఇంట్లో రోజూ వాడే బండి ఉంటే దానిని వెనక అడ్డంగా పెట్టవచ్చు. సొంత స్థలంలో నిలిపేవారు నేలలో సిమెంటుతో ఒక ఇనుప కడియం పాతించి, వెనక ఇరుసు చుట్టూ గట్టి గొలుసు వేసి తాళం బిగించుకోవచ్చు, కాకపోతే ఇరుసు వెంబడి వెళ్లే సన్నని బ్రేకు పైపుకు గొలుసు తగలకుండా చూసుకోవాలి.

టార్పాలిన్ మీద నా అభిప్రాయం చాలామందికి నచ్చకపోవచ్చు. అది ఎండకూ వానకూ మంచిదే. కానీ దాని మీద వేపాకు పేరుకుపోయి, కింద టైర్లలో గాలి దిగిపోయి ఉన్న బండి, తనను ఎవరూ పట్టించుకోవడం లేదని దారిన పోయే ప్రతివాడికీ చాటుతుంది. వారానికి ఒకటి రెండుసార్లయినా కవరు తీసి, బండిని అడుగో రెండడుగులో కదిపి పెట్టాలి.

కాగితాల విషయంలో మన నిర్లక్ష్యానికి అంతు లేదు. ఆర్సీ ఇంకా కాలం చేసిన తండ్రి పేరు మీదో తాత పేరు మీదో ఉన్న బండ్లు ఈ జిల్లాలో చాలా ఉన్నాయి. యజమాని మరణిస్తే వారసులు మూడు నెలల్లోగా ఫారం 31తో పేరు మార్పుకు దరఖాస్తు చేసుకోవాలి. అది చేయకపోతే బండి పోయిన రోజున ఫిర్యాదుదారు ఎవరన్న ప్రశ్న దగ్గరే కథ ఆగుతుంది. థర్డ్ పార్టీ బీమాలో చోరీకి పరిహారం ఉండదు. ఐదేళ్లు దాటిన బండి విలువను బీమా సంస్థ, యజమాని మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి కనుక, ఒక సంస్థ నాకు తుక్కు ధర చెప్పినట్లు మీకూ చెబితే, విలువ కట్టించిన నివేదిక చూపి అడగాలి. వాహనాలను పరీక్షించే ఏఆర్ఏఐ సంస్థ ఆమోదించిన చోరీ నిరోధక పరికరం ఉంటే పాత మోటారు బీమా టారిఫ్‌లో (ధరల పట్టికలో) ఇచ్చిన రాయితీ రెండున్నర శాతం, అదీ 500 రూపాయలకు మించకుండా. దాని కోసమని ఎవరూ పరికరం కొనరు.

అసలు ఆర్సీని డ్యాష్‌బోర్డు అరలో పెట్టే అలవాటు వెంటనే మానాలి. చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఫొటోలు, ఆ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసిన చాసిస్ ప్రింటు, బండికి మాత్రమే ఉన్న సొట్టలు, అతుకుల ఫొటోలు ఇంట్లో ఉండాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నేర విచారణ ప్రక్రియ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం ఫిర్యాదును ఎలక్ట్రానిక్ రూపంలో పంపి మూడు రోజుల్లోగా సంతకం చేయవచ్చు, ఏ స్టేషన్ పరిధి అన్నదానితో నిమిత్తం లేదు. పోలీసులకు వెంటనే ఫిర్యాదు చేసి ఉంటే, బీమా సంస్థకు ఆలస్యంగా తెలిపారన్న ఒక్క కారణంతో క్లెయిము తిరస్కరించరాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా రెండు చోట్లా అదే రోజు తెలపడం మంచిది.

ఇక అధికారులకు విన్నపాలు. 1979లో ఈ జిల్లా ఏర్పడక ముందు రిజిస్టరైన బండ్ల వివరాలు అప్పటి విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల రిజిస్టర్లలో నమోదయ్యాయి. వాటిలో రవాణా శాఖ కంప్యూటర్ రికార్డు అయిన వాహన్‌కు ఎక్కనివి ఉంటే, యజమాని బండి తెచ్చి చూపినప్పుడు రవాణా శాఖ వాటిని నమోదు చేయాలి. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని వాహనాలకు 2021 జూలైలో కేంద్రం ప్రత్యేక వింటేజ్ నమోదు పద్ధతి తెచ్చింది. దానిపై ఇక్కడి కార్యాలయంలో ఒక నోటీసు అంటిస్తే ఎంతోమందికి ఉపయోగపడుతుంది.

నాతవలస నుంచి మన పట్టణం మీదుగా సాలూరు ఘాటు ఎక్కి కోరాపుట్ వెళ్లే జాతీయ రహదారి 26 మీద, ఇచ్ఛాపురం వైపు 16వ నంబరు రహదారి మీద తెల్లవారేలోగా రాష్ట్రం దాటడం కష్టం కాదు. రాత్రివేళ ఒక బండి మరో బండిని లాక్కుపోతుంటే చెక్‌పోస్టుల్లో ఆపి కాగితాలు అడగాలని పోలీసు శాఖను కోరుతున్నాను. అధీకృత తుక్కు కేంద్రాలు చోరీ వాహనాల జాబితా చూసుకోవాలని నిబంధన ఉంది. రోడ్డు పక్క పాత ఇనుము దుకాణాలు కూడా కారు కొన్నప్పుడు చాసిస్ నంబరు, అమ్మినవారి గుర్తింపు కార్డు రాసుకొనేలా పోలీసు శాఖ, నగరపాలక సంస్థ కలిసి చూడాలి.

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు మూడు లాంతర్ల నుంచి కోట వరకు జనంతో కిక్కిరిసిపోతే, ఊరి బయట నిలిపిన వాహనాలను సాయంత్రం దాకా చూసేవారు ఉండరు. పార్కింగ్ స్థలాల్లో నంబరు రాసిన చీటీ ఇచ్చి, అది తిరిగి తీసుకున్నాకే వాహనాన్ని బయటకు వదిలే పద్ధతిని ఉత్సవ ఏర్పాట్లలో చేర్చాలని మనవి. పెళ్లి ఊరేగింపులకు పాత కార్లను తెప్పించుకునే కల్యాణ మండపాల వారు కూడా తాళం చెవులను గుమ్మం దగ్గర కుర్రవాళ్ల చేతిలో పెట్టే అలవాటు మాన్పించి, ఒక రిజిస్టరు పెట్టాలి.

ఇట్లు,
ఒక పాత కారు యజమాని,
కంటోన్మెంటు, విజయనగరం.