డికాక్షన్ లేని పొద్దులు

మైలాపూర్, చెన్నై

అమ్మలూ,

మొన్న ఫోన్‌లో మీ ఆయన సోఫా దిగడం లేదనీ, రాత్రి పదింటికి బిర్యానీ ఆర్డర్ పెడుతున్నారనీ వాపోయావు కదా. పక్కనే ఉన్న మీ అమ్మ నన్ను చూసి ఒకటే నవ్వు.

పెళ్లయిన కొత్తలో మీ అమ్మ ఏడున్నరకే అన్నం తినేసేది. నాకోసం తొమ్మిదిన్నర దాకా ఆగడం మొదలుపెట్టింది, ఆకలాగక మధ్యలో మిక్చరు. ఆదివారం మెరీనాలో మిరపకాయ బజ్జీ అలవాటు చేసింది కూడా నేనే. నువ్వు బడికెళ్లే నాటికి ఇద్దరం ఒకే సైజుకి వచ్చాం. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊరి జనాన్ని 32 ఏళ్లు గమనించిన లెక్కలు 2007లో వచ్చాయి. దంపతుల్లో ఒకరికి ఊబకాయం వస్తే రెండోవారికి వచ్చే అవకాశం 37 శాతం ఎక్కువట. మా ఇంటికొచ్చి చూసి రాసినట్టుంది.

నాకు షుగర్ బయటపడ్డాక వాకింగ్‌కి రమ్మని మీ అమ్మ పోరని రోజు లేదు. నేను ససేమిరా అన్నాను. చివరికి అడగడం మానేసి, ఐదున్నరకల్లా తనొక్కతే నాగేశ్వరరావు పార్కుకి వెళ్లిపోయేది. డికాక్షన్ మాత్రం వేసేది కాదు. మొదటివారం నేనే వేసుకున్నాను, కషాయంలా తగలడింది. రెండోవారం, త్వరగా ఇంటికి లాక్కొద్దామని వెనకే వెళ్లి బెంచీ మీద కూర్చున్నాను. తను ఒక రౌండు తిరిగొచ్చింది, నన్ను చూసింది, ఏమీ అనకుండా రెండో రౌండుకి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది. లేచాను. ఆ పార్కు అమృతాంజనం కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు మీదిదే. మోకాళ్లకి ఆయన మందు రాసుకుని ఆయన పార్కులోనే నడిచాను.

ఇంగ్లండులో 50 దాటిన జంటల మీద చేసిన పరిశీలన 2015లో వచ్చింది. అంతవరకూ కదలని భర్తల్లో, భార్య కొత్తగా వ్యాయామం మొదలుపెట్టిన ఇళ్లలో 67 శాతం మంది తామూ మొదలుపెట్టారు. భార్య కూడా కదలని ఇళ్లలో 26 శాతమే. భార్య ముందునుంచీ చురుగ్గా ఉన్నా కొంత పనిచేసిందట గానీ, ఇంత కాదు.

నీ చిక్కు అక్కడే ఉంది. నువ్వు కాలేజీ రోజుల నుంచీ పరిగెత్తేదానివి. కబ్బన్ పార్కులో పది కిలోమీటర్లు కొట్టొచ్చి వాచీ చూపిస్తే, పాపం అతనికి క్లాసు ఫస్టు వాడి మార్కులు చూసినట్టుంటుంది. నీకూ చేతకానిదేదైనా చూడు. ఈత నీకు రాదుగా, నీళ్లంటే భయం కూడాను. ఇద్దరూ చేరండి, కలిసే నీళ్లు మింగండి.

మీ అమ్మ కాఫీకి పిలుస్తోంది. ఉంటాను.

నాన్న