వెబ్‌సైట్ ఎవరి పేరున ఉంది?

సంపాదకుల వారికి నమస్కారం.

విశాఖపట్నంలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో కృత్రిమ మేధ కేంద్రాన్ని నెలకొల్పుతామని గూగుల్ సంస్థ 2025 అక్టోబరులో ప్రకటించినప్పటి నుంచి డేటా సెంటర్ అన్న మాట మన రాష్ట్రంలో అందరి నోటా వినబడుతోంది. ఇదే సమయంలో విజయవాడ, గుంటూరు నగరాల్లోని చిన్న ప్రచురణ సంస్థలు, గ్రంథాలయాలు, మిర్చి వ్యాపారులు, కోచింగ్ కేంద్రాల వారు తమ వెబ్‌సైట్ ఏ ఊరి సర్వర్‌లో (సైట్‌ను దాచి, అడిగినవారికి చూపే కంప్యూటర్‌లో), ఎవరి పేరున నడుస్తున్నదో తెలుసుకోకుండానే ఏటా డబ్బు కడుతున్నారన్న సంగతిని పాఠకుల దృష్టికి తేవడానికి ఈ లేఖ రాస్తున్నాను.

ఏలూరు రోడ్డులో మాది పుస్తకాల దుకాణం. మా ప్రచురణలు నాలుగు వందల దాకా ఉన్నాయి. వాటి జాబితా అంతా సైట్‌లోనే ఉంది. సైట్ తయారుచేసిన యువకుడు డొమైన్‌ను, అంటే సైట్ చిరునామాను, తన పేరున, తన ఈమెయిల్‌తో నమోదు చేశాడు. అందులో మోసం ఏమీ లేదు. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టే కార్డు అప్పట్లో అతని దగ్గరే ఉంది. అతను ఉద్యోగానికి బెంగళూరు వెళ్లాక, గడువు ముగుస్తున్నదన్న హెచ్చరికలన్నీ అతను చూడడం మానేసిన మెయిల్‌కే వెళ్లాయి. సరిగ్గా జనవరిలో, పుస్తక మహోత్సవం రోజుల్లో సైట్ ఆగిపోయింది. అతన్ని వెతికి పట్టుకుని, అపరాధ రుసుము కట్టి డొమైన్‌ను విడిపించుకోవడానికి పద్దెనిమిది రోజులు పట్టింది.

అందువల్ల ఏ క్లౌడ్ (ఇంటర్నెట్ ద్వారా సర్వర్లు అద్దెకిచ్చే సేవ) మంచిదని అడిగినవారికి, అక్కడి నుంచి ఖాళీ చేసి రావడం ఎంత తేలికో ముందుగా చూడమని చెబుతున్నాను. అద్దె ఇంట్లో దిగే ముందు అడ్వాన్సు ఎప్పుడు తిరిగిస్తారో అడుగుతాము కదా, ఇదీ అంతే. డొమైన్ యజమాని పేరున, యజమాని సొంత ఈమెయిల్‌తో ఉండాలి. హోస్టింగ్, అంటే సైట్ ఉండే సర్వర్ చోటు, వేరే సంస్థ దగ్గర తీసుకోవాలి. రెండూ ఒకేచోట ఉంటే తగవు వచ్చిన రోజున రెండూ చిక్కుకుపోతాయి.

రోజుకు నూరు మంది చూసే దుకాణం సైట్‌కు షేర్డ్ హోస్టింగ్ (ఎన్నో సైట్లు ఒకే సర్వర్‌ను పంచుకునే ఏర్పాటు) చాలునని నా అభిప్రాయం. కాకపోతే మొదటి ఏడాది ధర కాక రెన్యువల్ ధర అడిగి తీసుకోవాలి. సొంత సర్వర్ కావాలనుకుంటే, 1 జీబీ మెమరీ ఉన్న చిన్న సర్వర్‌ను డిజిటల్ ఓషన్ వంటి సంస్థలు నెలకు 6 డాలర్లకు బెంగళూరులోనే ఇస్తున్నాయి. దానిపై 18 శాతం జీఎస్టీ ఉంటుంది. అమెజాన్‌కు ముంబయిలో 2016 నుంచి, హైదరాబాదులో 2022 నవంబరు నుంచి డేటా కేంద్రాలున్నాయి. అమెరికా సర్వర్‌కు ఇక్కడి నుంచి సమాచారం వెళ్లి రావడానికే రెండు వందల మిల్లీసెకన్లకు (సెకనులో అయిదో వంతుకు) పైగా పడుతుంది కనుక మన పాఠకుల కోసం నడిపే సైట్‌ను అంత దూరాన పెట్టడం తగదు. పెద్ద క్లౌడ్‌లలో వాడకాన్ని బట్టి బిల్లు వస్తుంది. బయటికి పంపే డేటాకు వేరే లెక్క కడతారు. పూర్తిగా వదిలి వెళ్లేవారి దగ్గర ఆ బదిలీ ఛార్జీ తీసుకోబోమని గూగుల్, అమెజాన్, మైక్రోసాఫ్ట్ 2024లో ప్రకటించాయి. అయినా నెలనెలా బిల్లు ఎంతో ముందే తెలియవలసిన చిన్న సంస్థకు స్థిరమైన ధరే క్షేమం.

సర్వర్‌లో వేసుకునే సాధనాలనూ ఈ దృష్టితోనే ఎంచుకోవాలి. సర్వర్‌ను నడిపే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ సెంట్‌ఓఎస్ 8కి 2029 దాకా మద్దతు (భద్రతా సవరణలు) ఉంటుందని నమ్మి వేసుకున్నవారికి అది 2021 డిసెంబరుతోనే ముగిసింది. హోస్టింగ్‌ను తెర మీద నిర్వహించుకునే సాఫ్ట్‌వేర్ సీప్యానెల్ 2019లో ఖాతాల సంఖ్యను బట్టి ధర వసూలు చేయడం మొదలుపెట్టగానే ఎందరో వేరే దారి వెతుక్కోవలసి వచ్చింది. ఆపరేటింగ్ సిస్టమ్‌గా డెబియన్, లేదా ఐదేళ్లు మద్దతు ఉండే ఉబుంటు ఎల్‌టీఎస్, దానిపై పేజీలను అందించే ఎన్‌జిన్‌ఎక్స్, సమాచారాన్ని దాచే డేటాబేసు మరియాడీబీ ఉంటే ఏ సంస్థ సర్వర్ మీదనైనా అదే పద్ధతిలో మళ్లీ నిలబెట్టుకోవచ్చు. సర్వర్ తెరిచిన గంటలోపే ఎక్కడెక్కడి నుంచో పాస్‌వర్డ్ ఊహించి చొరబడే ప్రయత్నాలు మొదలవుతాయి కనుక పాస్‌వర్డ్ లాగిన్ మూసివేసి, ఎస్‌ఎస్‌హెచ్ కీతో (మన కంప్యూటర్‌లో ఉండే రహస్య తాళపు ఫైలుతో) మాత్రమే ప్రవేశించేలా చూసుకోవాలి.

సర్వర్ మార్చే రోజున తెలుగువారికి ఎదురయ్యే ప్రమాదం మరొకటుంది. అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే ప్రమాణం యూనికోడ్, ఆ సంఖ్యలను బైట్లుగా దాచే పద్ధతి యూటీఎఫ్-8. అందులో ఒక్కొక్క తెలుగు యూనికోడ్ సంకేతానికి 3 బైట్లు పడతాయి. డేటాబేసు సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్‌లో 8.0 వచ్చేదాకా, మనం ప్రత్యేకంగా చెప్పకపోతే, డేటాబేసు లాటిన్1 అనే పశ్చిమ ఐరోపా భాషల పద్ధతిలోనే తయారయ్యేది. ఆ పద్ధతిలో తెలుగుకు చోటు లేదు. అందులోకి మార్చి రాసిన క్షణమే అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి, తిరిగి రావు. మేము సైట్‌ను కొత్త సర్వర్‌కు మార్చినప్పుడు, తొందరపడి పాత సైట్‌ను తొలగించిన తరువాత చూసుకుంటే మూడు వందల పుస్తకాల పేర్లు అలా పోయి ఉన్నాయి. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో, యూనికోడ్ కాని అను ఫాంట్లతో కంపోజ్ చేసిన పాత కేటలాగును యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు, పొల్లులు దిద్దుకుంటూ రెండు వారాలు కూర్చున్నాము. డేటాబేసు పద్ధతి యూటీఎఫ్8ఎంబీ4 (మైఎస్‌క్యూఎల్‌లో పూర్తి యూటీఎఫ్-8కు ఉన్న పేరు) అని ముందుగా నిర్ణయించి, కొత్త చోట తెలుగు పేజీలను కళ్లారా చదివిన తరువాతే పాత సర్వర్‌ను వదులుకోవాలి.

ఇక బ్యాకప్ సంగతి. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో 2021 మార్చి 10న ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్ ఒకటి కాలిపోయినప్పుడు, బ్యాకప్‌ను కూడా అదే ప్రాంగణంలో ఉంచుకున్నవారు రెండింటినీ పోగొట్టుకున్నారు. మాకు నిప్పు బదులు నీరు వచ్చింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా గోదాములోని పుస్తకాలతో పాటు కింది అరలో దాచిన బ్యాకప్ హార్డ్‌డిస్కు కూడా పాడైపోయింది. సైట్ బెంగళూరు సర్వర్‌లో క్షేమంగానే ఉంది కాని, ఆ వారంలో సర్వర్‌కు ఏమైనా జరిగి ఉంటే మా దగ్గర రెండో ప్రతి లేదు. ఇప్పుడు రోజూ రాత్రి ఒక ప్రతి మరో సంస్థ స్టోరేజీకి దానంతట అదే వెళుతుంది. మూడు నెలలకొకసారి దాన్ని ఖాళీ సర్వర్‌పై పోసి చూసుకుంటున్నాము.

గుంటూరు, విజయవాడ పరిసరాల ఇంజనీరింగ్ కళాశాలలు తమ చివరి సంవత్సరం విద్యార్థులకు ఊళ్లోని ఒక గ్రంథాలయం సైట్‌నో, ఒక చిన్న దుకాణం సైట్‌నో సర్వర్ మార్చి నిలబెట్టే పనిని ప్రాజెక్టుగా ఇవ్వాలని, మీ పత్రిక వారానికొకసారి ఈ విషయాలను తెలుగులో వివరించే శీర్షిక నడపాలని కోరుతున్నాను. మేము సైట్ మార్చినప్పుడు ఏ పని తరువాత ఏది చేశామో వరసగా రాసుకున్న పది పేజీల తెలుగు నోట్సు మా దుకాణంలో ఉంది. అడిగినవారికి జిరాక్సు తీయించి ఉచితంగా ఇస్తాము.

ఇట్లు,
ఒక పుస్తక ప్రచురణకర్త,
ఏలూరు రోడ్డు, విజయవాడ.